తుమ్మొస్తే భయం

తుమ్మొస్తే భయపడే పల్నాటి మనిషిని ఎప్పుడైనా చూశారా? నేను చూశా. మా నాన్నే.

మాది గురజాల పక్కన పల్లెటూరు. నాన్నకి 62 ఏళ్ళు, మిర్చి రైతు. చేలో తేలు కుట్టినా "ఆఁ, ఏం కాలా" అని పని చేసుకునే రకం. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు పాస్‌కి లేస్తున్నాడని అమ్మ పోరితే ఓ రోజు నరసరావుపేట వెళ్ళి చూపించుకున్నాడు. అలా లేవడం ఈ వయసులో చాలామందికి మామూలు వాపు వల్లే వస్తుందట. కానీ రక్తపరీక్షలో పీఎస్‌ఏ 14 వచ్చింది. 4 దాటితేనే డాక్టర్లు ఆలోచనలో పడతారు. తర్వాత ఎంఆర్‌ఐ, బయాప్సీ. ప్రోస్టేట్‌లో క్యాన్సర్, అదృష్టం కొద్దీ గ్రంథి దాటి బయటికి పోలేదు. నవంబర్‌లో హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు.

రోబోతో చేశారు అనగానే ఊళ్ళో సగం మంది రజనీకాంత్ 'చిట్టి' వచ్చి కోసిందనుకున్నారు. కోసేది డాక్టరే. పక్కన కుర్చీలో కూర్చుని, స్క్రీన్ చూస్తూ, చిన్న చిన్న కన్నాల్లోంచి పెట్టిన పరికరాల్ని తన వేళ్ళతో ఆడిస్తాడు. ఈ పద్ధతి వెనక మనవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో ఐటీ కంపెనీ పెట్టిన తెలుగాయన రాజ్ వట్టికూటి 2001లో భారీ విరాళం ఇస్తే, డెట్రాయిట్ హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్‌లో వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. కేరళలో పుట్టిన డాక్టర్ మణి మీనన్ అక్కడే ఈ ఆపరేషన్‌కి రోబోని రోజువారీ పనిముట్టుగా మార్చాడు. నాన్నకి ఇదంతా చెబితే, "అయితే మనోళ్ళే కోశారన్నమాట" అన్నాడు.

ఆపరేషన్ సాఫీగానే అయింది. అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది.

మూత్రం గొట్టంతోనే కార్లో ఊరికి తెచ్చాం. పిడుగురాళ్ళ దాకా ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ నాన్న పళ్ళు బిగబట్టాడు. మూత్రం సంచి కనపడకుండా అమ్మ దాన్ని బట్టల షాపు కవర్లో పెట్టింది. పది రోజుల తర్వాత గొట్టం తీసేశారు. "ఇక హాయి" అనుకున్నాం. మంచం మీంచి లేచి నిలబడ్డాడు, లుంగీ తడిసిపోయింది. నాన్న మొహం ఆరోజు చూశాను, మళ్ళీ చూడలేకపోయాను.

ఎందుకిలా అవుతుందో డిశ్చార్జ్ కాయితాల్లో ఒక్క ముక్క లేదు. నేనే చదివి, ఫోన్లో డాక్టర్ని అడిగి తెలుసుకున్నా. ప్రోస్టేట్ పెద్ద ఉసిరికాయంత ఉంటుంది, మూత్రాశయం కింద. మూత్రనాళం దాని మధ్యలోంచే వెళ్తుంది. మన కాలవకి రెండు తూములున్నాయనుకోండి. గ్రంథితో పాటు పై తూము పోయింది. నీళ్ళన్నీ ఇప్పుడు కింది తూమే ఆపాలి. దానికేమో ఇన్నాళ్ళూ అంత పని లేదు. దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా కారిపోతుంది. చాలామందికి మూడు నెలల నుంచి ఏడాది లోపు అదుపులోకి వస్తుంది.

అందాకా ప్యాడ్లు కావాలి. గురజాలలో మెడికల్ షాపుకెళ్ళి పెద్దవాళ్ళ డైపర్లు అడిగా. షాపతను "ఎవరికి బ్రో?" అన్నాడు. "మా తాతకి" అన్నా. తాత పోయి ఎనిమిదేళ్ళయింది.

నల్ల కవర్ చొక్కా కింద దాచుకుని వచ్చిన నన్ను చూసి అమ్మ నవ్వింది. "పెళ్ళైన కాణ్ణుంచీ నేను ఇట్టాగే దాచుకుని తెచ్చుకున్నా. నువ్వు ఒక్కరోజుకే ఇట్టా అయిపోతే ఎట్టారా?" నా దగ్గర సమాధానం లేదు.

కింది తూముకి బలం రావాలంటే కెగెల్ వ్యాయామం చేయాలి. గ్యాస్ బయటికి రాకుండా ఆపుకున్నట్టు లోపలి కండరాన్ని బిగబట్టి ఐదు సెకన్లు ఉంచి వదలాలి. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. పదేసి చొప్పున రోజుకి మూడుసార్లు. డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దీన్ని కాన్పు తర్వాత ఆడవాళ్ళ కోసం చెప్పాడని తెలిసి నాన్న మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అమ్మే లేపింది. "నేను లెక్కెడతా, మీరు చేయండి." రోజూ పొద్దున కాఫీకి ముందు ఇంట్లో అంకెలు వినపడేవి. కాఫీ కూడా ఒక్క గ్లాసుకి తగ్గించింది, అది ఎక్కువైతే మూత్రం ఆగదని.

కారడం కన్నా నాన్నని ఎక్కువ కుంగదీసింది ఓ మాట. చూడ్డానికొచ్చిన చుట్టం ఒకాయన అరుగు మీద కూర్చుని, "మగతనం తీసేశారంటగా" అని నవ్వాడు. ఆ తర్వాత నాన్న టీ కొట్టు దగ్గరికి పోవడం మానేశాడు.

ఆ మాట శుద్ధ అబద్ధం. మగ హార్మోన్ తయారయ్యేది వృషణాల్లో. వాటి జోలికి ఎవరూ పోలేదు. గొంతు మారదు, మీసం రాలదు. అయితే ఆపరేషన్ వల్ల వచ్చే ఇబ్బంది ఒకటుంది. అంగస్తంభనకి పనికొచ్చే నరాలు గ్రంథికి రెండు పక్కలా అతుక్కుని ఉంటాయి. వాటిని కాపాడుతూ కోయొచ్చని 1982లో అమెరికాలో డాక్టర్ పాట్రిక్ వాల్ష్ చేసి చూపించాడు. కాపాడినా అవి కోలుకోడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టొచ్చు. మందులున్నాయి, కానీ గుండెకి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు వాటిని ముట్టుకోకూడదు. వీర్యం రాదు, సుఖం మాత్రం తెలుస్తుంది.

ఇవన్నీ ఇక్కడ రాస్తున్నానా, ఆరు వారాల చెకప్‌లో డాక్టర్ ఈ సంగతి మొదలెట్టగానే నేను మాత్రం ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి పారిపోయా. తిరిగొచ్చేసరికి నాన్న నేల చూపులు, అమ్మ ఫ్యాన్ చూపులు. దార్లో ఎవరూ మాట్లాడలా. దాచేపల్లి దగ్గర అమ్మ వెనక సీట్లోంచి చెయ్యి చాపి నాన్న భుజం మీద వేసింది. మా ఇంట్లో అలాంటివి నేనెప్పుడూ చూళ్ళేదు. ఫోన్లో తల దూర్చేశా.

జనవరి చివర్లో మిర్చి కల్లానికొచ్చింది. టిక్కీలు ఎత్తొద్దని గట్టిగా చెప్పాం. ఎత్తలేదు, కానీ కల్లం చూడకుండా ఉండలేడుగా. ఎర్రగా పరిచిన కాయల మధ్య నిలబడ్డాడు. ఆ ఘాటు మీకు తెలిసే ఉంటుంది. తుమ్ము. వెంటనే ఇంకోటి. పంచె తడిసింది. కూలీలు చూడకముందే గోతం పట్టా నడుముకి చుట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆ రాత్రి డాక్టర్‌కి ఫోన్ చేసింది నేను కాదు, నాన్న. తుమ్మొచ్చేట్టు అనిపించగానే ముందు ఆ కండరాన్ని బిగించి, అప్పుడు తుమ్మాలని చెప్పాడట. మర్నాటి నుంచీ కల్లంలో అదే సాధన. తుమ్మొచ్చే ముందు నాన్న ఒక్క క్షణం ఆగిపోతాడు, కళ్ళు చిన్నవి చేస్తాడు, తర్వాత తుమ్ముతాడు. మొదట్లో పదిలో రెండుసార్లు నెగ్గేవాడు. తర్వాత ఐదు, ఆరు.

మూడు నెలల పీఎస్‌ఏ రిపోర్ట్ ఫోన్‌కే వచ్చింది. 0.1 కన్నా తక్కువ. గ్రంథే లేదు కాబట్టి అంతే ఉండాలి. కొన్నేళ్ళపాటు ఈ పరీక్ష చేయిస్తూనే ఉండాలి.

శివరాత్రికి కోటప్పకొండ వెళ్దామని నాన్నే అన్నాడు. ప్రభల మధ్య జనం తొక్కిసలాట, బాత్రూమ్ ఎక్కడుంటుందో, ఎంతసేపు ఆగాలో అని నేను గొణిగా. "సంచిలో రెండు ప్యాడ్లు, ఒక పంచె పెట్టుకున్నా. నువ్వు బండి తియ్యరా" అన్నాడు.

దార్లో గురజాలలో మెడికల్ షాపు ముందు ఆపమన్నాడు. తనే దిగి లోపలికెళ్ళాడు. ప్యాకెట్ చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. కవర్ లేదు.