ఊరికే ఇచ్చే ముసుగు

ఉస్మాన్‌గంజ్‌లో పప్పు బస్తా కొనేటోడు గుప్పెడు చేతిలోకి తీసి చూడనిదే పైసలియ్యడు. అదే మనిషి ఫోన్‌లో ‘ఫ్రీ వీపీఎన్’ అని కనపడంగనే తన గుట్టంతా అప్పజెప్తడు. నడిపేదెవరు? వాని ఖర్చెట్ల వెళ్తున్నది?

దాచుకునేందుకు మన దగ్గరేమున్నదని కొందరంటరు. 2021 అక్టోబర్‌లో పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపి, వాట్సాప్‌లో ‘గంజాయి’ అని వెతికించింది ఈ నగరంలోనే.

ఫ్రీ సరుకు కథ ఒనావో చెప్పింది. మీ సమాచారం కాపాడుతమని ఫేస్‌బుక్ పంచిన వీపీఎన్ అది. జనం ఏ యాప్ ఎంతసేపు చూస్తున్నరో కంపెనీ వ్యాపారానికే మోసింది. 2023లో ఆస్ట్రేలియా కోర్టు 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అదీ అక్కడ!

పైసలిచ్చి కొంటే? 2022 ఏప్రిల్‌లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఉత్తర్వు తెచ్చింది. వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు 5 ఏళ్లు దాచాలె. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ ఇక్కడి సర్వర్లు ఎత్తేసింది. చిట్టా రాసినంక అడిగేటోడు రాకుండ ఉంటడా?

ఇన్‌కాగ్నిటో ఇంట్లోవాళ్ల కండ్లు కప్పుతది, నెట్ కంపెనీవి కాదు.

మేం నమ్మేది టార్ బ్రౌజర్‌ను. కోడ్ బహిరంగం, తెలిసినోళ్లు ఎవరైనా పరీక్షించొచ్చు. సమాచారం మూడు మజిలీల మీదుగ పోతది; మీరెవరో, ఎటు పోతున్నరో రెండూ ఏ ఒక్క మజిలీకీ తెల్వవు. నెమ్మదే, ఒప్పుకుంటం. టార్ వాడుతున్నట్టు నెట్ కంపెనీకి తెలుస్తది కూడా. దోస్తు పంపిన ఫైలు కాదు, టార్ ప్రాజెక్ట్ సొంత సైటు నుంచే దించుకోవాలె. ఇంత చేసి అందులోనే మన ఫేస్‌బుక్ ఖాతా తెరిస్తే, పేరు మనమే చెప్పుకున్నట్టు.