చక్రముల యింటికి ఊరేది?

2019 జనవరిలో నేను అరిజోనా రాష్ట్రమున ఉద్యోగము చేయుచుండిన మా మేనల్లుని యింట రెండు నెలలుంటిని. ఒక ఆదివారమునాడు అతడు నన్ను క్వార్ట్‌జ్‌సైట్ అను ఊరికి తీసికొనిపోయెను. ఆ ఊరి స్థిరనివాసులు మూడు వేలకు లోపు. చలికాలమున మాత్రము చుట్టుపట్ల ఎడారి కనుచూపుమేర బండ్లతో నిండిపోవును. వంటగది, పడక, స్నానపుగది, నీటితొట్టి అన్నియు లోపలనే అమరిన బండియిండ్లవి; ఆర్‌వీలని వాడుక. ఆ భూమి కేంద్రప్రభుత్వముది. సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు నిలుచుటకు నాడు రుసుము 180 డాలర్లు. ఏడు నెలల యింటి అద్దెగా చూచినచో అది మన పట్టణములలో ఒక గదికైనను చాలదు.

ఒక బండి చెంత తల నెరసిన పెద్దమనిషి యొకడు ముక్కాలిపీటపై డిష్షును అటునిటు త్రిప్పుచుండెను. లోపలనుండి ఆయన భార్య ఏదో కేక వేయుచుండెను. వారి మాట ఇంగ్లీషే కాని, భావము మన మిద్దెలమీద దూరదర్శన్ ఏరియల్ త్రిప్పిన దినములలోని "వచ్చిందా?" "పోయింది!" యే. నవ్వు ఆపుకొనలేక పలుకరించితిని. ఆయన మిన్నెసోటాలో బడిపంతులుగా పనిచేసి విరమించి, ఇల్లు అమ్మివేసి, ఆరేండ్లనుండి ఆ బండిలోనే భార్యతో కాపురముండెను. వేసవి ఉత్తరమున, చలికాలము దక్షిణమున. "మీ ఊరేది?" అని అలవాటుచొప్పున అడిగితిని. ఆయన ఒక క్షణ మాలోచించి, "చట్టప్రకారము దక్షిణ డకోటా" అనెను. ఆ రాష్ట్రములో ఆయనకు బంధువులు లేరు, భూమి లేదు. ఉత్తరములు చేరుటకు ఒక చిరునామా మాత్రమున్నది.

చట్టప్రకారమనిన ఆ మాట ఎంత బరువైనదో నాకు మరుసటి సంవత్సరమున గాని తెలియలేదు.

ముందుగా ఆ డిష్షు సంగతి. అది వెదకు ఉపగ్రహములు భూమధ్యరేఖకు ఎగువను 35,786 కిలోమీటర్ల ఎత్తున నుండును. భూమితోపాటు దినమున కొక చుట్టు తిరుగుటచేత ఒకేచోట నిలిచినట్లు తోచును. అమెరికానుండి చూచువారికి అవన్నియు దక్షిణపు ఆకాశముననే. కావున బండి నిలుపువాడు నీడకంటె ముందు దక్షిణదిక్కున చెట్టున్నదా యని చూచుకొనవలెను. పొడవైన దేవదారు వృక్షమొక్కటి చాలు, దేశవార్తలన్నియు ఆగిపోవుటకు.

మనవారిలో పెద్దలకు కొందరికి జ్ఞప్తియుండవచ్చును. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు పంపిరి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సాలు అందులోనివి. భాషలు హిందీ, ఒరియా, తెలుగు, కన్నడము. సేద్యముతోపాటు ఆరోగ్యమునుగూర్చియు బోధించిరి. ఈ గ్రామమునకు ఈ భాషయని భూమిపై ముందే గీత గీయబడినది. (ఆ గీతకు అటువైపు పడిన తెలుగు గడపలెన్నియో మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.) ఏమైనను గ్రామము కదలదు గనుక ఆకాశమునకు దాని చిరునామా తెలియును. కదలు యింటి విషయమున ఆ యేర్పాటు చెల్లదు.

అమెరికాలో స్థానిక టెలివిజను కేంద్రముల ప్రసారములను ఉపగ్రహము ఇరుకైన కిరణములుగా ఏ ప్రాంతమునకు ఆ ప్రాంతమే పంపును. బండి ఆ మేర దాటగానే సొంతఊరి వార్త మాయమగును. అందుచే ఆర్‌వీలవారికి చట్టము ఒక వెసులుబాటు కల్పించినది. బండి రిజిస్ట్రేషను కాగితము చూపి, సంతకము చేసి, న్యూయార్కు, లాస్ ఏంజెలెస్ వంటి దూరనగరముల ప్రసారములను తెప్పించుకొనవచ్చును. 2019 డిసెంబరులో వచ్చిన చట్టము ఈ దూరప్రసారములను చాలవరకు తగ్గించియు, ఆర్‌వీలకు, లారీ డ్రైవర్లకు మాత్రము నిలిపియుంచెను. అది దయతో చేసినదే, తప్పుపట్టను.

కాని మూడు నెలలు గడువకుండ వచ్చిన దేమి? 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా పేర్కొనెను. ఎడారిలో కూర్చున్న ఆ దంపతులకు న్యూయార్కు ఆసుపత్రులలోని అవస్థ గంటగంటకు కన్నుల గట్టినట్లు కనబడెను. తాము నిలిచిన కౌంటీవారు రేపు ఏమి చేయబోవుదురో మాత్రము ఆ తెరపై రాలేదు. వారి బ్రతుకును నిర్ణయించునవి న్యూయార్కు వార్తలు కావు. ఆ కౌంటీ ఉత్తరువులే.

ఆ ఉత్తరువులు వరుసగా వెలువడెను. మార్చి మధ్యలో కాలిఫోర్నియా రాష్ట్రపు పార్కులలో బస చేయు స్థలములు మూసిరి. మార్చి 20న యోసెమిటీ, ఏప్రిల్ 1న గ్రాండ్ కాన్యన్ మూతపడెను. ఉటా రాష్ట్రమున మోయబ్ ప్రాంతపు ఆరోగ్యశాఖ బయటివారికి హోటళ్ళలోనే గాక బండ్లతో బస చేయుటకును వీలు లేదనెను. ఎల్లెడల వినవచ్చిన ఆజ్ఞ ఒక్కటే: "ఇంటిలో ఉండుడు." ఇల్లు చక్రములపై నున్నవాడు ఇంటిలోనే యున్నాడు, ఆ యింటిని నిలుపుకొన చోటు మాత్రము లేదు. మా మేనల్లుడు ఫోనుచేసి కనుగొనగా, ఆ పంతులుగారు చేరిన ఒక పార్కువారు రెండు దినములలో ఖాళీ చేయుమనిరట. "ఎక్కడికి?" అని అడిగినందుకు "మీ ఊరికి" అనిరట.

మోయబ్ వారిని నిందించుట సులభము. నేను నిందింపను. ఆ ఊరి ఆసుపత్రిలో పడకలు పదునేడు. ప్రాణాపాయస్థితిలో నున్నవారికి ప్రత్యేకవిభాగము లేదు. వసంతమున వేలకొలది యాత్రికులు వచ్చి పడినచో, రోగము ప్రబలిననాడు ఊరివారి గతి ఏమి? ఆరోగ్యాధికారి చేయవలసిన పనియే చేసెను. తప్పెక్కడ అనగా, వారాంతపు విహారమునకు వచ్చినవానిని, వేరొక యిల్లే లేనివానిని ఒక్క గాటను కట్టుటలో నున్నది. మొదటివానిని పొమ్మన్నచో ఇల్లు చేరును. రెండవవానిని పొమ్మన్నచో పెట్రోలు బంకునుండి పెట్రోలు బంకునకు, ఒక కౌంటీనుండి మరియొక కౌంటీకి తిరుగుచునే యుండును. అంటువ్యాధిని అరికట్టదలచినవారు మనుష్యుని తిరుగుమని తరుముట ఏమి వైద్యము? టెక్సస్‌లోని లివింగ్‌స్టన్ కేంద్రముగా గల ఎస్కేపీస్ అను ఆర్‌వీవారి సంఘము బస స్థలములను అవసరసేవలుగా నెంచుడని అధికారులకు విన్నవించినది ఇందులకే.

కెనడానుండి చలికాలమునకు వచ్చువారి కథ మరియు వింత. మార్చి 21 నుండి రెండు దేశముల భూసరిహద్దు అనవసర ప్రయాణములకు మూయబడెను. కాని ఆకాశమార్గమున అమెరికా ప్రవేశించుటకు అడ్డులేదు. ఆ యేటి చలికాలమున కొందరు తమ బండిని సరుకు క్రింద లారీవానికప్పగించి, తాము హెలికాప్టరులో సరిహద్దు దాటి, అవతల దిగి మరల అదే బండి నెక్కిరి. రోగమునకు నేలయు నింగియు ఒకటే గదా! కలవారికి మాత్రమే ఈ మార్గమని వేరుగ చెప్పవలెనా?

అటుపిమ్మట టీకా వచ్చినది. 2021 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రము టీకాను తమ నివాసులకే యని కట్టడిచేసెను. చలికాలమునకు వచ్చి నిలుచువారికి అవకాశ మిచ్చిరి గాని, అద్దె ఒప్పందము, విద్యుత్తు బిల్లు వంటి కాగితములు రెండు చూపవలెను. వారమునకొక చోట రుసుము కట్టి నిలుచువానికి విద్యుత్తు బిల్లెక్కడిది? ఎక్కువమంది ఆర్‌వీవారు టెక్సస్, ఫ్లోరిడా, దక్షిణ డకోటాలలో ఏదో యొకదానిని నివాసరాష్ట్రముగా వ్రాయించుకొందురు. దక్షిణ డకోటాలో ఒక రాత్రి బసచేసిన రసీదు చూపిన చాలును. పన్నులకు, డ్రైవింగు లైసెన్సునకు అది పనికివచ్చును; ఆ దినములలో ఓటునకును పనికివచ్చెడిది. జబ్బుపడిననాడు ఆ చిరునామా వెయ్యి మైళ్ళ దూరమున నుండును. అరువదియైదేండ్లు దాటినవారికి కేంద్రప్రభుత్వపు మెడికేరు దేశమంతట చెల్లును గాని, అంతకు చిన్నవారు కొన్న ఆరోగ్యభీమా పెక్కుసందర్భముల ఒక్క రాష్ట్రపు వైద్యులకే పరిమితము.

మనకిది క్రొత్త కాదు. 1898లో బెంగళూరున ప్లేగు వ్యాపించినపుడు నివారణపనుల నిమిత్తము ఆ నగరమున టెలిఫోను తీగలు వేసిరి. జనులు ఇండ్లు విడిచి ఊరి వెలుపల పాకలలో నుండిరి. మల్లేశ్వరము, బసవనగుడి పేటలు పెరుగుటకు ఆ తెగులొక పెద్ద కారణము. ఆ కాలముననే మద్రాసు రాజధానిలో తెగులు ప్రాంతములనుండి వచ్చువారికి ప్లేగు పాస్‌పోర్టు అను చీటీనిచ్చి, చేరిన ఊరిలో కొన్ని దినములు అధికారి యెదుట హాజరు కావలెనని నిబంధన పెట్టిరి. 2020లో హోసూరునుండి బెంగళూరునకు పోవలసిన మనవారు ఈ-పాసులకై ఎట్లు పడిగాపులు పడిరో మరువరానిది. ఆ చీటీలలో ఎంత బాధయున్నను ఒక అంగీకారమున్నది: ఈ మనిషి ఎక్కడికో చేరవలసినవాడు, చేరినచోట ఉండనీయవలసినవాడు అని. ఆర్‌వీవానికి అట్టి చీటీయైనను ఎవరును ఈయలేదు.

ఇందులో ఒక విడ్డూరమున్నది. తెగులునకు తగిన యిల్లు చక్రముల యిల్లేయని ఆ దినములలోనే తేలినది. 2020 మార్చిలో టెక్సస్‌కు చెందిన ఇద్దరు స్త్రీలు "ఆర్‌వీస్ ఫర్ ఎండీస్" అను ఏర్పాటును ప్రారంభించిరి. ఆసుపత్రిలో పనిచేయు వైద్యులు, నర్సులు ఇంటివారికి రోగమంటకుండ తమ వాకిటనే వేరుగ నుండుటకై, బండి కలవారు దానిని ఉచితముగా ఎరువిచ్చిరి. ఇక విమానములకు, హోటళ్ళకు జంకినవారందరు బండ్లు కొనసాగిరి. 2021లో ఉత్తర అమెరికా కర్మాగారములనుండి వెలువడిన ఆర్‌వీలు 6,00,240. అంతకుముందెన్నడును అన్ని రాలేదు. వాకిట నిలిచిన బండి వైద్యునకు రక్షణ, రోడ్డుపై నిలిచిన అదే బండి ఊరికి భయము. భేదము బండిలో లేదు, వాకిలి యుండుటలో నున్నది.

ఉపగ్రహములలో మాత్రము గొప్ప మార్పు వచ్చినది. స్టార్‌లింక్‌వారు 2019 మే నుండి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తుననే తిరుగు చిన్న ఉపగ్రహములను గుంపులుగా పంపుచున్నారు. పూర్వపు ఉపగ్రహమునకు ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు అరసెకను పట్టెడిది. వైద్యునితో ముఖాముఖి మాట్లాడుటకు అది అడ్డు. ఇపుడా జాప్యము లేదు. 2020 అక్టోబరులో ఇండ్లకు ప్రయోగముగా ఇచ్చి, 2022 మే నెలలో ఆర్‌వీలకు ప్రత్యేకముగా అమ్మిరి. ఎడారిలో కూర్చుండి కౌంటీవారి ప్రకటన చదువవచ్చును, వైద్యుని సంప్రదింపవచ్చును, ఉద్యోగమును చేయవచ్చును. కాని వైద్యుడు తెరపై కనబడినంతమాత్రమున చాలదు. రోగి యున్న రాష్ట్రమున ఆయనకు అనుమతి యుండవలెనని నియమము. మహమ్మారి దినములలో దానిని చాలచోట్ల సడలించిరి. పిదప పెక్కు రాష్ట్రములు మరల బిగించినవి. ఆకాశము గీతలు చెరిపినను భూమి మరల గీయుచున్నది.

ఈ బండ్లవారిలో సరదాకు తిరుగువారున్నారు, అద్దె కట్టలేక బండిలో తలదాచుకొన్నవారున్నారు. ఇద్దరికిని కావలసినది ఒక్కటే. తెగులు వచ్చిననాడు ప్రతి కౌంటీ, బయటివారిని పొమ్మనుటకు ముందు, వేరు యిల్లు లేనివారు కదలక నిలుచుటకు నీరు, మురుగు సౌకర్యముగల చోటొకటి చూపవలెను. టీకాకు, మందుకు వారు ఆనాడు నిలిచిన చోటే వారి ఊరని ఒప్పుకొనవలెను. ఇది పెద్ద ఖర్చు కాదు. వందలకొలది పార్కులు కట్టియే యున్నవి. మోయబ్ వంటి చిన్న ఊళ్ళ ఆసుపత్రులకు ఆ భారమునకు తగిన సొమ్మును రాష్ట్రము భరింపవలెను. ఉపగ్రహములు పంపగల దేశమునకు ఇది చేతకాదనుట నమ్మదగినది కాదు.

ఆ పంతులుగారు, భార్య సురక్షితముగ బయటపడిరి. పార్కు విడిచిన పిదప ఒక రైతు తన కొట్టము వెనుక చోటిచ్చి పదునొకండు వారములు ఉండనిచ్చెనట. ఇప్పుడును వారు బండిలోనే యున్నారు. క్రొత్త పలక పైకప్పుపై తనంతట తానే ఉపగ్రహమును వెదకికొనును గనుక ఆమెకు లోపలనుండి కేక వేయు పని తప్పినది. దిగిన చోటనెల్ల ఆయన మొదట ఆ కౌంటీ పేరు, దాని ఆరోగ్యశాఖ టెలిఫోను నెంబరు ఒక చీటీపై వ్రాసి తలుపు ప్రక్కన అంటించునని మా మేనల్లుడు చెప్పెను.