అనుమతి కోసం ఆగిన లారీలు

2025 జూన్ 2వ తేదీ రాత్రి సూడాన్ దేశంలోని ఉత్తర డార్ఫుర్‌లో, అల్ కోమా అనే ఊరి దగ్గర 15 లారీలు ఆగి ఉన్నాయి. ప్రపంచ ఆహార కార్యక్రమం, యూనిసెఫ్ కలిసి పంపిన సరుకు వాటిలో ఉంది. ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న పోర్ట్ సూడాన్ రేవు నుంచి 1,800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చాయి. ఏడాదికి పైగా ముట్టడిలో ఉన్న ఎల్ ఫాషర్ పట్టణం అక్కడికి ఇంకో 80 కిలోమీటర్లు. ఆ చివరి దూరం వెళ్లనివ్వమని మాటలు జరుగుతుండగానే లారీల మీద దాడి జరిగింది. ఐదుగురు చనిపోయారు, లారీలు తగలబడ్డాయి. ప్రభుత్వ సైన్యం, దానితో పోరాడుతున్న ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళం తప్పు నీదంటే నీదని వాదులాడుకున్నాయి.

ఆ లారీలు ఏ దారిన వస్తున్నాయో ఇరుపక్షాలకూ ముందే తెలియజేశారు. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే యుద్ధంలో సహాయం అందలేదన్న వార్త వచ్చినప్పుడల్లా మన సంఘాల్లో వినిపించే మాట ఒకటే: "ఆ సంస్థలకు ఒకదానితో ఒకటి పొత్తు కుదరదు, మన కానుకలు దారిలోనే పోతాయి." ఇందులో కొంత నిజముంది. సూడాన్‌లో మాత్రం అసలు చిక్కు వేరే చోట ఉంది.

సంస్థల మధ్య పొత్తు కోసం ప్రపంచం చేసిన ఏర్పాటు తక్కువదేమీ కాదు. 1991 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక తీర్మానం చేసి, సహాయ కార్యక్రమాలన్నిటికీ ఒక సమన్వయకర్తను నియమించింది. 2005 నుంచి పనిని విభాగాలుగా పంచారు. వైద్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, పిల్లల పోషణకు యూనిసెఫ్, రవాణాకు ప్రపంచ ఆహార కార్యక్రమం, ఇలా ఒక్కొక్క పనికి ఒక్కొక్కరు బాధ్యులు. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో ఉన్నదీ ఈ చిక్కే. అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రు చిన్నచూపుకు గురవుతున్నారని సణుగుడు పుట్టినప్పుడు ఏడుగురిని ఏర్పరచారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నిర్లక్ష్యానికి గురైన పక్షం నుంచే పంచేవారిని తీసుకున్నట్టు కనిపిస్తుంది. దీని దగ్గరికి మళ్లీ వద్దాం.

2023 ఏప్రిల్ 15న సూడాన్ యుద్ధం మొదలైంది. సైన్యాధిపతి బుర్హాన్ ఒకవైపు, ఆర్‌ఎస్‌ఎఫ్ అధిపతి హెమెద్తీ మరోవైపు. మొదటి రోజే ప్రపంచ ఆహార కార్యక్రమం ఉద్యోగులు ముగ్గురు డార్ఫుర్‌లో హతులయ్యారు. అంతర్జాతీయ సంస్థలు రాజధాని ఖార్టూమ్ వదిలి పోర్ట్ సూడాన్ చేరాయి. మన దేశం "ఆపరేషన్ కావేరి" పేరుతో భారతీయులను ఓడలెక్కించిన రేవు అదే. అలా తిరిగొచ్చిన వారిలో తెలుగువారూ ఉన్నారు. మనవాళ్లు క్షేమంగా ఇల్లు చేరాక సూడాన్ మన పత్రికల్లోంచి దాదాపు మాయమైంది.

అక్కడ మిగిలినవారికి ఎదురైనది కాగితాల యుద్ధం. ప్రభుత్వానికి సహాయ వ్యవహారాల కమిషన్ ఒకటి ఉంది. వీసా కావాలన్నా, లారీ కదలాలన్నా దాని ముద్ర పడాలి. 2023 ఆగస్టులో ఆర్‌ఎస్‌ఎఫ్ కూడా తన ఏలుబడిలోని ప్రాంతాలకు అలాంటి సంస్థనే పెట్టుకుంది. ఒకరి దగ్గర నమోదైతే రెండోవారికి అనుమానం. నమోదు కాకపోతే దారి లేదు.

ఈ పేచీ ఎంత ప్రాణాంతకమో చాద్ దేశపు సరిహద్దులోని అద్రే చెబుతుంది. డార్ఫుర్‌కు అన్నిటికన్నా దగ్గరి, తేలికైన దారి అది. ఆ గేటు అవతల ఉన్నది ఆర్‌ఎస్‌ఎఫ్ నేల. అయినా ఐక్యరాజ్యసమితి గుర్తించేది అప్పట్లో పోర్ట్ సూడాన్‌లో ఉన్న ప్రభుత్వాన్నే కాబట్టి, లారీ గేటు దాటాలంటే ఆ ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఆయుధాలు వస్తున్నాయని చెప్పి 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ దారి మూసింది. ఉత్తరాన తీనే అనే చోట దాటనిచ్చారు గానీ, వానాకాలం వచ్చేసరికి వాగులు పొంగి ఆ దారి సాగలేదు. ఆగస్టు 1న జమ్‌జమ్ శిబిరంలో కరువు నెలకొన్నదని అంతర్జాతీయ నిపుణుల సంఘం నిర్ధారించింది. ఆ నెల మధ్యలో గాని అద్రే తెరవలేదు, అదీ మూడు నెలల గడువుతో! తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చారు. ఆ ఆరు నెలలూ ఎన్ని సమన్వయ సమావేశాలు జరిగినా గేటు తాళం వాటి చేతిలో లేదు.

మరి లోపల ఉన్నవారికి అన్నం పెట్టిందెవరు? ఆ ఊళ్లవాళ్లే. 2018-19 ప్రజా ఉద్యమంలో పేటపేటకూ ఏర్పడిన కమిటీల్లోని యువకులు, మహిళలు యుద్ధం రాగానే "అత్యవసర స్పందన గదులు" పేరుతో సంఘటితమయ్యారు. వీధి వంటశాలలు నడిపారు, గాయపడినవారిని మోశారు, బావులు బాగుచేశారు. నలుగురూ కలిసి ఒకరి పని చేసిపెట్టడాన్ని వాళ్లు "నఫీర్" అంటారు. ఆ పాత అలవాటే వీరి పెట్టుబడి. ఇరుపక్షాల సైనికులూ వీరిని ఎదుటివారి మనుషులని అనుమానించి పట్టుకెళ్లారు. కొందరిని చంపారు. 2025లో వీరికి రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది. అదే సంవత్సరం జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేయడంతో వందల వంటశాలల్లో పొయ్యి ఆరిపోయింది.

ఇక్కడ సహాయ సంస్థల తప్పు ఒప్పుకోవాల్సిందే. సమావేశాలు పోర్ట్ సూడాన్‌లో, నైరోబీలో, జెనీవాలో జరుగుతాయి. దరఖాస్తులు ఇంగ్లిషులో ఉండాలి. రసీదులు, ఆడిట్ అంటారు. బాంబుల మధ్య గంజి కాచేవాడు రసీదు ఎక్కడినుంచి తెస్తాడు? చిన్న నిధులు ఫోన్ ద్వారా నేరుగా పంపే పద్ధతి వచ్చింది, అది పనిచేసింది కూడా. అయినా మొత్తం నిధుల్లో వారికి చేరింది చాలా కొద్ది. యెరూషలేము సంఘం ఆకలిగొన్న పక్షంలోంచే ఏడుగురిని తీసుకుంటే, ఈ ఏర్పాటు వారిని గుమ్మం బయటే నిలబెట్టింది.

గేటు మూస్తే దాటిపోవాలి అనేవారున్నారు. సంఘాలు ఒకసారి ఆ పని చేశాయి. 1968లో నైజీరియా ముట్టడించిన బయాఫ్రాకు కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఏకమై, ప్రభుత్వ అనుమతి లేకుండానే సావో తోమే ద్వీపం నుంచి రాత్రిపూట విమానాలు నడిపారు. రోడ్డును వెడల్పు చేసిన ఉలీ అనే చోట, చీకట్లో దిగేవి. 1969 జూన్‌లో రెడ్‌క్రాస్ విమానాన్ని నైజీరియా కూల్చాక ఆ సంస్థ ఆగిపోయింది. సంఘాలు ఆగలేదు. 5,000కు పైగా ప్రయాణాల్లో దాదాపు 60,000 టన్నులు చేర్చాయి. విమాన సిబ్బందిలో కొందరు ప్రాణాలిచ్చారు. అయితే ఆయుధాల విమానాలూ ఆ ఉలీలోనే, ఆ చీకటి మాటునే దిగేవి. యుద్ధం అంతకాలం సాగడానికి మన రొట్టె కూడా ఊతమిచ్చిందా అన్న ప్రశ్న ఆ పరిచర్య చేసినవారిని తర్వాత చాలాకాలం వదలలేదు. నా మట్టుకు నేను వారిని తప్పుపట్టలేను. పిల్లలు బతికారు. కానీ ఆ ప్రశ్నను దాచిపెట్టి ఆ కథను కేవలం విజయగాథగా చెప్పడం న్యాయం కాదు.

2025 అక్టోబరు 26న ఎల్ ఫాషర్ ఆర్‌ఎస్‌ఎఫ్ వశమైంది. తర్వాతి వారంలోనే అక్కడా కరువు ఉన్నట్టు నిర్ధారణ అయింది. ఆ ఏడాది సూడాన్ కోసం ఐక్యరాజ్యసమితి అడిగిన 420 కోట్ల డాలర్లలో సగం కూడా రాలేదు.

ఏదైనా సంఘం ఈ దేశం కోసం ప్రత్యేక కానుక పట్టాలనుకుంటే, పాత బట్టలు, బియ్యం మూటలు సేకరించవద్దని కాపరులకు మనవి. అవి పోర్ట్ సూడాన్ గోదాము దాకా చేరడమే గగనం. డబ్బు పంపండి. దాన్ని ఫలానా ఊరికి, ఫలానా వస్తువుకు అని కట్టివేయవద్దు, దారులు వారానికోసారి మారుతుంటాయి. విదేశాలకు నేరుగా పంపడం మన చట్టాల ప్రకారం ప్రతి సంఘానికీ కుదరదు గనుక మీ సంఘ కేంద్ర కార్యాలయాన్ని అడగండి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగు సంఘాలవారు తమ దేశపు నిబంధనలు చూసుకోవాలి. తీసుకునే సంస్థను మాత్రం ఒక ప్రశ్న అడగాలి: అక్కడ చివరికి వడ్డించేది ఎవరు, ఈ సొమ్ములో వారి చేతికి వెళ్లేదెంత? "అక్కడ మన విశ్వాసులు ఎంతమంది?" అని కమిటీలో ఎవరైనా అడగవచ్చు. ఆ వంటశాలల ముందు వరుసలో నిలబడినవారిని ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదు.