రెండు హుషార్లు

మా ఇంట్లో రెండు భాషలు. నాన్న తెలుగు, అమ్మ కన్నడం. పోయిన జనవరిలో ఒక ఆదివారం తెల్లారుజామున నేను సైకిల్ బయటికి తీస్తుంటే అమ్మ ఒకే మాట అనింది: "హుషారు!" కన్నడంలో ఆ మాటకు జాగ్రత్త అని అర్థం. తెలుగులో ఏమిటో మీకు తెలుసు. నేను రెండూ తీసుకుని బయల్దేరాను.

మాది పావగడ తాలూకా వల్లూరు. ఊరి బోర్డు కన్నడంలో ఉంటుంది, రచ్చబండ మీద మాటలు తెలుగులో ఉంటాయి. మా వల్లూరు, తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ల భూములు కౌలుకు తీసుకుని 2050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. ఆ పలకల మధ్య రోడ్ల మీదుగా, ఆంధ్ర సరిహద్దు దాటి, మళ్లీ పావగడకు వంద కిలోమీటర్ల రైడ్ అని ఒక సైకిల్ బృందం ప్రకటించింది. అరవై మందిమి వెళ్లాం. అందులో ఆడవాళ్లం ఏడుగురం. అందరివీ గేర్ల సైకిళ్లు. నాది ఎనిమిదో తరగతిలో సర్కారు ఇచ్చింది.

నలభై కిలోమీటర్ల దగ్గర పల్లేరు కాయ గుచ్చుకుని పంక్చర్ అయింది. నాకు పంక్చర్ వేయడం రాదు. ఆరేళ్లు తొక్కిన సైకిల్, చక్రం విప్పడం తెలీదు! వెనక వస్తున్న ఒక అక్క ఆగి, ట్యూబు బయటికి లాగి, నీళ్ల సీసా మూతలో ముంచి చూపించింది. అతుకు మాత్రం నాచేతే వేయించింది. ఆ తర్వాత ఎదురుగాలి. అందరికంటే చివర చేరాను. అయినా మొదట వచ్చినవాళ్లకు ఇచ్చిన కాగితమే నాకూ ఇచ్చారు.

దూరపు సైకిల్ రైడ్లలో పద్ధతే అదంట. బ్రెవే అని పిలిచే రైడ్లలో 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి. ఆ లోపల ఎప్పుడొచ్చినా ఒకటే, ర్యాంకులు లేవు. 1891లో పందెంగా మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ కూడా ఇప్పుడు 1200 కిలోమీటర్లు 90 గంటల్లో ముగించే బ్రెవేనే. ర్యాంకుల మధ్య పెరిగిన మనకు ఇది వింతగా ఉంటుంది. నాకైతే భలే నచ్చింది.

ఇంతవరకూ సంతోషమే. నేను ఈ వ్యాసం రాస్తున్నది మరుసటి రోజు గురించి.

ఆదివారం మా ఊరి మీదుగా గుంపుగా వెళ్తుంటే జనం చప్పట్లు కొట్టారు. పిల్లలు వెంట పరిగెత్తారు. సోమవారం అదే సైకిల్ మీద, అదే దారిలో జెరాక్సు కోసం తిరుమణికి ఒక్కదాన్నే బయల్దేరితే, నిన్న చప్పట్లు కొట్టిన పెద్దాయనే ఆపి అడిగాడు: "ఏం పాపా, ఒక్కదానివే యాడికి పోతాండావు? మీ నాయనకు తెలుసునా?" ఆయన మంచివాడే. కానీ వంద కిలోమీటర్లకు దొరికిన అనుమతి మరుసటి రోజు కొన్ని కిలోమీటర్లకు కూడా మిగల్లేదు.

అందుకే నా అభిప్రాయం: ఏడాదికొకసారి టీషర్టులు వేసుకుని, జెండా ఊపించుకుని, ఫోటో దిగే ర్యాలీలు మనకు చాలవు. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం సైకిల్ నేర్పించడాన్ని కూడా చదువులో కలిపింది. వేలమంది పల్లె ఆడవాళ్లు నేర్చుకున్నారు. పత్రికా రచయిత పి.సాయినాథ్ దాని గురించి రాశారు. వాళ్లు నీళ్లు తెచ్చుకోవడానికీ, సరుకు అమ్ముకోవడానికీ సైకిళ్లు వాడారు. రోజూ కనిపిస్తే అడిగేవాళ్లు అడగడం మానేస్తారు.

"ఈ కాలంలో సైకిలేంటే, స్కూటీ ఉండగా?" అని నా బెంచీ స్నేహితురాలే అంటుంది. స్కూటీకి పెట్రోలు కావాలి. పెట్రోలుకు నాన్నను డబ్బులడగాలి. అడిగితే ఎక్కడికో చెప్పాలి. సైకిల్‌కు సద్దన్నం చాలు.

మనలో చాలామందికి స్కూల్లో సైకిల్ వచ్చే ఉంటుంది. అదిప్పుడు ఎక్కడుంది? తమ్ముడు తొక్కుతున్నాడా, గొడ్ల చావడిలో తుప్పు పడుతోందా? ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు చూడండి.

నా ప్రతిపాదన చిన్నది. నెలకొక ఆదివారం, ఇరవై కిలోమీటర్లు. అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్లు ముందుండాలి. బహుమతులు వద్దు. మొదటి ఆదివారం రోడ్డెక్కం, పంక్చర్ వేయడం నేర్చుకుంటాం. మా మేడమ్‌లు కూడా వస్తే సంతోషం, సైకిల్ రాకపోయినా సరే, నేర్పుతాం. ఆ తర్వాత ఎవరి ఊళ్లో వాళ్లు, ఒక్కరే, రోజూ తొక్కాలి.

ఈ కాగితం కింద ఖాళీ వదిలాను. వచ్చేవాళ్లు పేర్లు రాయండి. మొదటి పేరు నాదే. ఇంట్లో ఒప్పుకోకపోతే, ముందు మా అమ్మ మాట చెప్పండి. కన్నడం అర్థం వాళ్లకు, తెలుగు అర్థం మనకు.