నొప్పి తెలియని కాలు – పట్టించుకోని ప్రభుత్వం

"షుగరు కూర్చుని తినేవాళ్ల జబ్బు, మట్టి పిసుక్కునేవాడికి రాదు" అన్న మాట పల్లెల్లో యింకా చెలామణీ అవుతోంది. యిది నిజం కాదు. భారత వైద్య పరిశోధనా మండలి జరిపిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో వున్నారనీ, గ్రామాల్లో పెద్దవారిలో నూటికి దాదాపు 9 మందికి యీ జబ్బు వుందనీ ఆ సర్వే తేల్చింది. షుగరంటే కళ్లూ, గుండే, మూత్రపిండాలూ అని అందరూ భయపడతారు. కష్టజీవి వీటితోపాటు కాలి గురించి కూడా భయపడాలి. అతని బతుకు నిలబడింది దానిమీదే.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పితే పాదాల నరాలు దెబ్బతింటాయి. మొదట తిమ్మిర్లు, మంటలు. తర్వాత మొద్దుబారిపోతుంది. నొప్పి పోయిందని మనిషి సంతోషిస్తాడు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. తుమ్మముల్లు దిగినా, వరి కొయ్యకాలు గుచ్చుకున్నా, చెప్పు కొరికినా తెలియదు. రక్తనాళాలు కూడా పూడుకుపోతే పుండు మానదు. చుట్ట, బీడీ కాల్చేవారికి యీ ముప్పు మరీ ఎక్కువ. చీము ఎముక దాకా పోయాక పెద్దాసుపత్రికి చేరితే వేలో, పాదమో, మోకాలి కింద కాలో తీసేయక తప్పని స్థితి వస్తుంది. కాలు పోయిన కూలీకి పని ఎవరిస్తారు? కాలు పోయిన కౌలురైతుకు పొలం ఎవరిస్తారు?

"వాళ్లు చెప్పులేసుకోరండీ, మొండివాళ్లు" అని తేల్చేసే పెద్దమనుషులున్నారు. పెత్తందారుల వీధిలో దళితుడు చెప్పులు చేతపట్టుకుని నడవాల్సిన రోజులు యీ నేలమీదే వుండేవి. దమ్ము చేసిన మడిలోకి చెప్పులతో దిగడం ఎవరి తరమూ కాదు. సంతలో దొరికే గట్టి ప్లాస్టిక్ చెప్పు మొద్దుబారిన కాలికి మేలు చేయకపోగా పుండు చేస్తుంది. తప్పంతా కూలీమీద నెట్టడం న్యాయం కాదు.

యీ సమస్యకు దారి మన పక్కనే దొరికింది. 1946లో వెల్లూరు వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్టురోగుల కాళ్లు వాటంతటవే కుళ్లిపోవడం లేదనీ, స్పర్శ లేక తగిలిన దెబ్బలు తెలియకే పాడవుతున్నాయనీ చూపించారు. మెత్తని అడుగున్న చెప్పు తొడిగి, రోజూ కాలు చూసుకునేలా నేర్పితే పుండ్లు తగ్గాయి. షుగరు కాలికీ యిదే సూత్రం వర్తిస్తుంది. జాతీయ కుష్టు నిర్మూలనా కార్యక్రమం కింద స్పర్శ పోయిన పాదాలకు ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు ఉచితంగా యిస్తున్నారు. జబ్బు వేరైనా, మొద్దుబారిన పాదం ఒకటే. మరి షుగరున్న కూలీకి ఆ చెప్పులు ఎందుకివ్వరు?

30 ఏళ్లు దాటినవారికి షుగరు, బి.పి. పరీక్షలు చేయాలన్న కార్యక్రమం వుంది. వేలిమీద సూది గుచ్చి రక్తపు చుక్క తీస్తున్నారు, మాత్రలిస్తున్నారు. మంచిదే. కానీ అరికాలు ఎత్తి చూసేవారు అరుదు. స్పర్శ వుందో లేదో చూడడానికి పెద్ద యంత్రాలక్కర్లేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు చాలు. దానికి కరెంటు కూడా అక్కర్లేదు.

ప్రభుత్వం చేయాల్సింది అలా వుండగా, యింట్లో మనం చేయాల్సిందీ వుంది. రాత్రి పడుకోబోయే ముందు పాదాలు, వేళ్ల సందులు, మడమలు చూసుకోవాలి. వంగలేని పెద్దవారికి మనవడో మనవరాలో చూడాలి. అరికాలి కింద అద్దం పెట్టుకున్నా సరే. మడిలోంచి రాగానే కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవాలి. ఆనికాయలు బ్లేడుతో కోయవద్దు. మొద్దుబారిన కాలికి కాపడం పెట్టవద్దు, చలిమంట దగ్గర చాపవద్దు. చెప్పుల్లో కాలు పెట్టేముందు విదిలించాలి. దీక్షల్లో వట్టి కాళ్లతో నడిచేవారు ముందు డాక్టరును అడగాలి. భక్తికి కాలు బలి యివ్వక్కర్లేదు. పుండు చిన్నదైనా పసర్లతో, ఆర్.ఎం.పి. యింజెక్షన్లతో రోజులు గడపక ఆసుపత్రికి పోవాలి.

పసివాళ్లకూ షుగరు వస్తుంది. వారికి వచ్చే రకం ఎక్కువగా మిఠాయిలు తిన్నందువల్ల వచ్చేది కాదు. ఇన్సులిన్ ఆపితే ప్రాణానికే ముప్పు. తల్లిని నిందించడం మాని, బిడ్డకు మందు అందేలా చూడాలి. కాళ్లు చూసుకునే అలవాటు కూడా ఆ వయసులోనే పడాలి.

మేము కోరేవి నాలుగు. ప్రతి ప్రాధమిక ఆరోగ్య కేంద్రంలో షుగరున్నవారి పాదాలు ఏడాదికి కనీసం ఒకసారి పరీక్షించాలి. స్పర్శ పోయినవారికి మెత్తని చెప్పులు ఉచితంగా యివ్వాలి. మందులు, ఇన్సులిన్ నెలనెలా తప్పకుండా అందాలి. కాలు మొద్దుబారిన కూలీకి బురదపని తప్పించి, అదే కూలిరేటుకు మెట్టపని యివ్వాలి. వ్యవసాయ కార్మిక, రైతు సంఘాలు కూలిరేట్లతోపాటు యీ డిమాండ్లను కూడా మండల కార్యాలయాల ముందు పెట్టాలి. కాలు తీసేశాక యిచ్చే పెన్షనుకంటే, కాలు వుండగా యిచ్చే చెప్పుల జతకు ఖర్చు చాలా తక్కువ.