వైపరే కదా అని వదిలేయకండి



కారు ముందద్దం మీద అటూ ఇటూ ఊగే వైపరు ఉంది చూడండి, దాన్ని కనిపెట్టింది ఒక ఆడమనిషి అంటే నమ్ముతారా? పేరు మేరీ ఆండర్సన్. అమెరికాలో అలబామా రాష్ట్రం ఆవిడది. ఓ చలికాలం న్యూయార్కు వెళ్ళినప్పుడు, మంచు పడి దారి కనిపించక ట్రామ్ నడిపే అతను అద్దం తెరుచుకుని వణుకుతూ బండి నడపడం చూశారట. లోపల కూర్చునే చేత్తో తిప్పి అద్దం తుడుచుకునే సాధనం ఆలోచించి, 1903లో పేటెంటు తీసుకున్నారు. కెనడాలో ఒక కంపెనీకి అమ్మబోతే ఇందులో వ్యాపారం ఏముందని తిప్పి పంపేశారు. ఆవిడకి దానిమీద రాబడి ఏమీ రాలేదు.

"వైపరే కదా" అనే చులకన ఆనాడే మొదలైందన్నమాట. మన ఇళ్ళల్లో ఇప్పటికీ అంతే. కొత్త కారు కొంటే రంగు చూస్తాం, మైలేజీ అడుగుతాం, సీటు కవర్లు బేరమాడతాం. సంపత్ వినాయకుడి గుడి ముందు నిలిపి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కిస్తాం. వైపరు ఒక్కసారి వేసి చూసేవాళ్ళు ఎంతమంది?

అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడగండి, చలికాలంలో దాని విలువ చెప్తారు. రాత్రి బయట పెట్టిన కారు అద్దం మీద తెల్లారేసరికి మంచు గడ్డకట్టి, వైపరు రబ్బరు అద్దానికి అతుక్కుపోతుంది. చూసుకోకుండా మీట నొక్కితే రబ్బరైనా చిరుగుతుంది, మోటారైనా కాలుతుంది. సరే, అది వాడేవాళ్ళ జాగ్రత్త. మరి మన తప్పేమీ లేకుండానే ఒకే రకం కార్లలో వైపర్లు ఆగిపోతుంటే? అక్కడ జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ అని ప్రభుత్వానిది ఒకటుంది. కారున్న ఎవరైనా దానికి ఫిర్యాదు పంపొచ్చు. ఒకేలాంటి ఫిర్యాదులు పోగుపడితే విచారణ మొదలుపెడతారు. తయారీలోనే లోపమని తేలితే కంపెనీ ఆ బండ్లన్నిటినీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయాలి. దీన్నే రీకాల్ అంటారు. 2016లో జనరల్ మోటార్స్ తన 2013 మోడల్ ఈక్వినాక్స్, టెరైన్ కార్లు 3 లక్షల 60 వేలకు పైగా ఇలా పిలిచింది. వైపరు కీళ్ళలో నీరూ మట్టీ చేరి తుప్పు పడుతోందట! 2024లో టెస్లా వాళ్ళ సైబర్‌ట్రక్కులు 11,688 వెనక్కి పిలిచారు. వాటిలో వైపరు మోటారే ఆగిపోతోందని.

తుప్పు అనేసరికి మన విశాఖ వాళ్ళకి వేరే చెప్పాలా? కిటికీ ఊచలూ, గ్యాసు స్టవ్వు కాళ్ళూ, మేడమీద బట్టలారేసే తీగా అన్నీ ఆ ఉప్పుగాలికి తినేసినవే. మంచు లేకపోయినా మనకి ఉప్పు ఉంది. పాతూరు వైపు పోర్టు బొగ్గుపొడి ఉంది, గాజువాక వైపు లారీల దుమ్ముంది. ఆ పొడి మీద నీళ్ళు లేకుండా వైపరు తిప్పితే అద్దం నిండా గీతలే. వేసవి ఎండకి రబ్బరు చెక్కలా గట్టిపడుతుంది. ఆపైన మన తుపాన్లు సరేసరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎలా వచ్చిందో ఈ ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు. శీతాకాలం అరకు వెళ్దామంటే అనంతగిరి ఘాట్‌లో పొగమంచు. మలుపులో అద్దం మసకబారితే పక్కన ఉండేది లోయ!

మన చట్టం కూడా వైపరును చిన్నచూపు చూడలేదండీ. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ముందద్దం ఉన్న బండికి సరిగ్గా పనిచేసే వైపరు ఉండాలని రాసే ఉంది. ఆటోలు, టాక్సీలు, స్కూలు బస్సులకి మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. సొంత కారుకి మాత్రం 15 ఏళ్ళ దాకా అలాంటి పరీక్షే లేదు. అంటే అన్నేళ్ళూ చూసుకోవాల్సింది ఇంట్లో వాళ్ళమే.

మా వీధిలో ఒకావిడ కారుకి కొన్న రెండో వర్షాకాలంలోనే వైపరు ఆగిపోయింది. షోరూముకి వెళ్తే "సముద్రం పక్కన ఊరు కదమ్మా, మామూలే" అని డబ్బు కట్టించుకుని పంపారు. ఇలాంటివి ఎన్నిళ్ళల్లో జరిగాయో లెక్క ఎవరి దగ్గరుంది? మనం నోరు మూసుకుని డబ్బు కట్టేస్తే ఆ లోపం మన పర్సులోనే సమాధి అయిపోతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో మనకీ రీకాల్ వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. తయారై ఏడేళ్ళు దాటని బండిలో భద్రతకి సంబంధించిన లోపం ఉంటే ప్రభుత్వం వారి వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఒకే మోడల్ మీద నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వస్తే విచారణ జరుగుతుంది. ప్రభుత్వం ఆదేశించి వెనక్కి పిలిపించాల్సి వస్తే కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. ఆ సంఖ్యలో మీ ఫిర్యాదూ ఒకటి. అందుకని షోరూములో ఏం బాగుచేశారో కాగితం మీద రాయించుకోండి, రసీదు దాచండి. సర్వీసులో అన్యాయం జరిగిందనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఇక ఇంట్లో చేసుకోగలిగినవి. వారానికోసారి అద్దాన్నీ, వైపరు చేతుల్నీ మంచినీళ్ళతో కడిగితే ఉప్పు పోతుంది. రబ్బరుని తడిగుడ్డతో తుడవండి. నల్లటి మసి ఎంత వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. పగిలినా, అద్దం మీద చారలు వదిలినా మార్చేయండి. తొలకరికి ముందు ఒకసారి, దసరా ముందు ఒకసారి చూసుకుంటే చాలు. అద్దం కడిగే నీళ్ళ డబ్బా ఖాళీగా ఉంచకండి. అద్దం లోపలి వైపు మసకబారితే ఏసీ గాలి అద్దం మీదికి తిప్పాలి. దారిలో వైపరు ఆగిపోతే చెయ్యి బయటపెట్టి తుడుస్తూ నడపనివ్వకండి. వేగం తగ్గించి, లైట్లు వేసి, రోడ్డు పక్కకి తీసి ఆపమనండి. వాన తగ్గాకే కదలొచ్చు. పెళ్ళికి అరగంట ఆలస్యమైతే కొంప మునగదు.

కారు లేనివాళ్ళు ఇది మాకెందుకు అనుకోకండి. రేపు పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించేటప్పుడు "బాబూ, ఒకసారి వైపరు వేసి చూపించు" అని అడగండి. నవ్వుతాడు. నవ్వితే నవ్వనివ్వండి, వేసేదాకా మాత్రం మీరు పక్కకి తప్పుకోకండి.