నవ్వు నేరమా?

2005 జూలై 7వ తేదీన లండనులో బాంబులకు 52 మంది నిరపరాధులు బలియైరి. అట్టి ఘాతుకమును హాస్యముగ జూపుట మృతుల కవమానమని, క్రిస్ మోరిస్ తీసిన ‘ఫోర్ లయన్స్’ (2010) చిత్రముపై ఆక్షేపణ లేచినది. మే మంగీకరింపజాలము. గంభీరసంగీతముతో హంతకుని వీరునిగ నిలుపు చిత్రములకంటె నిది వేయిరెట్లు మేలు. ఇందు ఫైసల్ మందుగుండుతో పరుగిడి, తొట్రుపడి, ఒక గొఱ్ఱెతోగూడ పేలిపోవును. వీరత్వ మెక్కడ? అయినను ఒమర్ తన ఘోరసంకల్పమునే సింహపుకథగ మార్చి పసికుమారునకు నిద్దురవేళ జెప్పుచుండగా మనకు నవ్వు రాదు. అంత ప్రేమగల తండ్రియే హంతకుడగుచున్నాడు! ఇక రక్షకభటులో? వేషధారియైన పరుగుపందెగాని నొకని పొరపాటున గాల్చి, కాల్చితిమి గనుక వాడే నేరస్థుడని వాదింతురు. ఇది కేవల కల్పనయా? 2005 జూలై 22న లండను పోలీసులు నిరపరాధియగు బ్రెజిలు యువకుని రైలుపెట్టెలో కాల్చి చంపలేదా?